పూజలో పెట్టిన పాస్‌వర్డు

ఆయుధపూజ రోజు పొద్దున పది గంటలప్పుడు నేను ఇంట్లో కుర్చీలో కూర్చోని, బొరుగులూ బెల్లమూ నములుతా, ఫోన్లో అందరి స్టేటస్‌లూ చూస్తా ఉండాను. తిరుపతిలో ఆ రోజు ఎవురి స్టేటస్ తీసినా ఒకటే కథ. ఆటోకు పసుపు, లారీకి పసుపు, కుట్టుమిషనుకు పసుపు. మా వీధిలో ఒకాయన కొత్త హెల్మెట్‌కు కూడా మూడు నామాలు పెట్టినాడు. నవ్వుకుంటా వేలితో తోసుకుంటా పోతా ఉంటే, చిత్తూరు క్లినిక్ రిసెప్షనిస్టు స్టేటస్‌లో ఆ క్లినిక్ పూజ ఫోటో వచ్చింది.

ఫోటో బాగానే ఉండాది. టేబులు మీద కంప్యూటరు, దానికి మూడు బొట్లు. ప్రింటరు మీద బంతిపూల దండ. బీపీ మిషను, స్టాప్లరు, రబ్బరు స్టాంపులు, తాళంచెవుల గుత్తి, అన్నీ వరసగా పేర్చినారు. ఆ వరస నడిమిన, కుంకుమ బరిణెకు ఆనించి, లామినేషన్ చేసిన తెల్లకాగితం ఒకటి నిలబెట్టుండాది. అదేందా అని ఫోటోను పెద్దది చేసి చూసినాను. పైన మా డేటాబేసు అడ్రసు. దాని కింద యూజర్ పేరు. దాని కింద, నేను ఒక పూటంతా కూర్చోని ఇరవైనాలుగు అక్షరాలతో, అంకెలూ గుర్తులూ కలిపి తయారుచేసిన పాస్‌వర్డు. కాగితం నాలుగు మూలలకూ నాలుగు పసుపు బొట్లు. మధ్యలో ఒక్క అక్షరం కూడా చెరగలా.

"ఓరి నాయనో!" అని నేను అరిచిన అరుపుకు మా ఇంటాయన పూజగదిలోంచి గంట చేతిలో పట్టుకోనే బయటికొచ్చినాడు.

నేను చేసే పనేందో చెప్తే గానీ ఆ అరుపు ఎందుకో అర్థం కాదు. ఇరవై ఏండ్లు తిరుపతిలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లోళ్ళకు పాఠాలు చెప్పినాను. ఇప్పుడు చిన్న చిన్న ఆస్పత్రులకూ, అంగళ్ళకూ ప్రోగ్రాములు రాసిస్తా ఉంటాను. ఈ క్లినిక్ ఒక మనసు డాక్టరుది. మనసు డాక్టరని మనం అంటాం, ఊళ్ళో మాత్రం పిచ్చి డాక్టరనే అంటారు. అందుకే చిత్తూరోళ్ళు ఆయన మెట్లెక్కరు, వాళ్ళు వేలూరు బస్సెక్కుతారు. ఈయన తావకొచ్చేది పలమనేరోళ్ళు, మదనపల్లోళ్ళు, నగరి వోళ్ళు. ఎవురి ఊర్లో వాళ్ళకు మనసు బాగుండాల, పక్క ఊర్లోనే చూపించుకోవాల. మెట్ల కింద మందులషాపు ఒకటి ఉండాది. తెలిసినోళ్ళు ఎవురన్నా ఎదురైతే, "తలనొప్పి మాత్రకొచ్చినా" అని తప్పించుకునేదానికి అది ఒక వీలు.

నగరి నుంచి మగ్గాలోళ్ళు శానామంది వస్తా ఉంటే, వాళ్ళకు రానూపోనూ కష్టమని డాక్టరు ఆడ కూడా ఒక రూము తీసుకోని, వారానికి రెండు దినాలు పోతా ఉన్నాడు. ఫైళ్ళను సంచిలో వేసుకోని బస్సులో తిరగడం. ఒకసారి ఆ సంచి పుత్తూరు బస్టాండులో మరిచిపోయి, అరగంట తర్వాత దొరికింది. డాక్టరుకు ఆ అరగంటలో బీపీ ఎంత ఎక్కిందో ఏమో, మర్నాడే నాకు ఫోన్ చేసినాడు. ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కియ్యాల, రెండు చోట్లా కనపడాల, ఇంకెవురికీ కనపడకూడదు, ఇదీ ఆయన కోరిక.

అదేమంత బ్రహ్మవిద్య కాదు. డేటాబేసు అంటే ఫైళ్ళన్నీ పొందికగా పెట్టుకునే బీరువా అనుకోండి. దాన్ని యాడో ఒక కంపెనీ తన పెద్ద కంప్యూటర్లలో పెట్టి బాడుగకిస్తాది. చిత్తూరు కంప్యూటరూ నగరి కంప్యూటరూ ఇంటర్నెట్ దారిలో ఆడికే పోయి చదువుకుంటాయి. బీరువా వాళ్ళది, తాళాలు మాత్రం మనవి. తాళాలు మూడు. ఒకటి పాస్‌వర్డు. రెండోది, దారిలో పోయే మాటలు మధ్యలో ఎవురు విన్నా అర్థం కాకుండా గుప్తభాషలో పోయేటట్టు చేయడం. మూడోది, ఫలానా చోట్ల నుంచి వచ్చినోళ్ళనే రానియ్యమని వాకిట్లో ఒక పట్టీ పెట్టడం. ఆ పట్టీలో లేనోడు, పాస్‌వర్డు తెలిసినా సరే, వాకిలి కూడా తాకలేడు.

ఇదంతా నేను ఆ క్లినిక్ రిసెప్షన్‌లో ఉండే ఆయమ్మిని ఎదురుగా కూర్చోబెట్టుకోని రెండు గంటలు చెప్పినాను. పేషెంట్ల పేర్లు రాసుకోవడం, పాత ఫైళ్ళు టైపు చేయడం, నగరికి పోయి ఆడి కంప్యూటరు చూసుకోవడం అన్నీ ఆమే. ముప్పైఐదేండ్లు ఉంటాయేమో. ఒక్కసారి చెప్తే పట్టుకుంటాది, ఎదురు మాట్లాడదు. కంప్యూటరు చెడిపోయి కొత్తగా ఎక్కించాల్సొస్తే కావాలని పాస్‌వర్డు ఆమెకిచ్చినాను. ఇచ్చేటప్పుడు, "ఇదే మే, ఈ క్లినిక్కుకు అసలు తాళంచెవి, జాగ్రత్తగా పెట్టుకో" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో.

ఆయమ్మికి ఫోన్ చేసినాను. "హ్యాపీ దసరా మేడమ్" అనింది.

"దసరా సంగతి తర్వాత. ఆ ఫోటో తియ్యి. ఫస్టు తియ్యి. ఎవురన్నా కాగితం మీద పాస్‌వర్డు రాసి ఊరందరికీ చూపిస్తారా? బుద్ధుండాదా నీకు?"

"పాస్‌వర్డు యాడ చూపించినాను మేడమ్?"

"కుంకుమ బరిణె ముందర నిలబెట్టినావే, అదేంది? మీ తాత ఫోటోనా?"

ఆయమ్మి మెల్లగా చెప్పింది. "మీరే కదా మేడమ్, ఇదే అసలు తాళంచెవి అన్నారు. తాళంచెవులన్నీ పూజలో పెట్టినాం. దీన్నొక్కదాన్నే పెట్టకపోతే ఎట్లా అని పెట్టినా. బొట్లు కూడా అక్షరాల మీద పడకుండా మూలలకే పెట్టినా."

ఏం చెప్పేది నా తలకాయ. జాగ్రత్తగా పెట్టుకోమంటే జిరాక్సు అంగడికి పోయి లామినేషన్ చేయించింది. ముఖ్యమైనదంటే అమ్మవారి ముందర పెట్టింది. చేసిందంతా నా మాట మీద గౌరవంతోనే. గౌరవమే లేకుంటే ఆ కాగితం యాడో డ్రాయర్లో కాఫీ మరకల్తో పడుండేది, ఎవురికీ కనపడేది కాదు. తీసేస్తానని చెప్పి తీసేసింది. కానీ అప్పటికే కింద మందులషాపాయన, "మా పై మేడ పూజ" అని దాన్ని మందుల వ్యాపారస్థుల గ్రూపులో పెట్టేసినాడు. డాక్టరు తన కాలేజీ స్నేహితుల గ్రూపులో పెట్టుకున్నాడు. ఆడ నుంచి ఇంకెన్నిచోట్లకు పోయిందో ఆ అమ్మవారికే తెలియాల.

నేను నోటికొచ్చినట్టు తిడతా ఉండాను. ఆ పక్క నుంచి ఏడుపు వినిపించింది.

"ఇప్పుడేడ్చి ఏం లాభం?" అన్నాను.

"మేడమ్, నా ఫైలు కూడా దాంట్లోనే ఉండాది."

నాకు వెంటనే అర్థం కాలా. అప్పుడు చెప్పింది. తొమ్మిదేండ్ల కింద, చిన్నబిడ్డ పుట్టినప్పుడు, ఆమెకు మనసు బాగలేకుండా పోయింది. రెండు నెలలు బిడ్డను ఎత్తుకోలా, పక్కకు కూడా పోలా. మొగుడే చెప్పాపెట్టకుండా ఈ డాక్టరు తావకు తీసుకొచ్చి చూపించినాడు. మందులు వాడింది, బాగైంది. రాను రాను ఆ క్లినిక్కులోనే పనికి కుదిరింది. ఇంట్లో అత్తకు తెలీదు. కామెర్లొచ్చి పుట్టింట్లో ఉండాదని ఆమెకు చెప్పినారు. పాత ఫైళ్ళన్నీ టైపు చేసింది ఈమే కాబట్టి, తన ఫైలును తానే టైపు చేసుకునింది.

"బిడ్డను ఎత్తుకోలేదని దాంట్లో రాసుండాది మేడమ్. ఎత్తుకుంటే ఏమన్నా చేసేస్తానేమోనని భయపడతా ఉందని కూడా ఉండాది. నేను డాక్టరుకు చెప్పిందంతా ఉండాది. మా అత్తకు తెలిస్తే ఇంక పిల్లోళ్ళను నా తావ ఒంటిగా వదలదు. నా బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేండ్లు, వాడికి తెలిస్తే ఏమనుకుంటాడు?"

నేను తిట్టేది ఆపేసినాను. ఎందుకు ఆపేసినానో ఆమెకు తెలీదు, నాకు తెలుసు.

మూడో తాళం ఉండాదే, ఆ వాకిట్లో పట్టీ, అది లేదు. నేనే తీసేసినాను. పెట్టిన కొత్తలో ఉండాది. చిత్తూరు క్లినిక్ ఇంటర్నెట్ నంబరూ, నగరి రూము ఇంటర్నెట్ నంబరూ, ఆ రెండే రాసిపెట్టినాను. కానీ మన కేబులు ఇంటర్నెట్‌కు నిలకడ యాడుండాది? కరెంటు పోయి వస్తే నంబరు మారిపోతాది. నగరిలో రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోతాదో ఆ మగ్గాలోళ్ళను అడగండి, చెప్తారు. నంబరు మారినప్పుడల్లా డేటాబేసు వాళ్ళను రానియ్యదు, నాకు ఫోను. పొద్దున టిఫిను చేస్తా ఉంటే ఫోను. స్నానానికి పోతే ఫోను. మారని నంబరు ఇయ్యండయ్యా అని కేబులాయన్ను అడిగితే, "అప్లికేషను పెట్టండి మేడమ్, పైకి పంపిస్తాం" అన్నాడు. ఆ పై అనేది యాడుండాదో ఇప్పటికీ తెలీదు. ఆషాఢంలో ఒక రోజు, మా అక్క కొడుక్కి ఒంట్లో బాగలేదని ఆస్పత్రిలో కూర్చోనుండాను. ఏడుసార్లు ఫోను. విసిగిపోయి, ఆ పట్టీలో నంబర్లు తీసేసి నాలుగు సున్నాలు పెట్టేసినాను. నాలుగు సున్నాలు పెడితే లోకంలో ఎవురైనా వాకిలి దాకా రావచ్చని అర్థం. రేపు మళ్ళీ మూసేద్దాంలే అనుకున్నాను. ఆ రోజు నుంచి ఒక్క ఫోను రాలా. ఆహా, ఎంత సుఖం! ఆషాఢం పోయి, శ్రావణం పోయి, భాద్రపదం పోయి దసరా వచ్చింది.

తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అని సామెత ఊరికే పుట్టలా. ఇరవై ఏండ్లు క్లాసులో ఇదే కదా నేను పిల్లోళ్ళకు చెప్పింది, నాలుగు సున్నాలు పెట్టినోడికి సున్నా మార్కులేస్తానని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే. ఆ పట్టీ ఉండుంటే ఆ కాగితాన్ని గాంధీ బొమ్మ కాడ ఫ్లెక్సీ వేయించి కట్టినా ఏమీ కాదు. ఇదంతా ఆ క్షణంలోనే నాకు తెలుసు. కానీ నేను ఏమన్నానంటే, "ఏడవొద్దు, నేను చూస్తాలే. ఇంకోసారి ఇట్లా చేయొద్దు" అన్నాను.

పాస్‌వర్డు మార్చాలన్నా, వాకిలి మూయాలన్నా, బాడుగకిచ్చిన కంపెనీ కంట్రోల్ ప్యానెల్లోకి పోవాల. వాళ్ళ పద్ధతి అది, ఇంకో దారి లేదు. దాంట్లోకి పోవాలంటే ఫోనుకు ఒక కోడు వస్తాది. ఆ ఫోను క్లినిక్‌ది. నేనే పట్టుబట్టి అట్లా పెట్టించినాను. యజమాని తాళం యజమాని తావే ఉండాల, ప్రోగ్రాము రాసినోళ్ళ తావ కాదు అని డాక్టరుకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చినాను.

"మే, క్లినిక్ ఫోనుకు కోడొచ్చుంటాది, చదువు."

"ఫోను పూజలో ఉండాది మేడమ్."

"పూజలో ఉంటే?"

"ఆపేసి పెట్టినాం. రేపు పొద్దున దాకా ముట్టకూడదు. అమ్మ తాళం వేసుకోని పోయింది."

అమ్మ అంటే డాక్టరమ్మ గారు కాదు, డాక్టరు వాళ్ళమ్మ. కోడు రాకుంటే వాడుకోమని కంపెనీ పది కోడ్లు ఇచ్చింటాది, అవి కాగితం మీద రాసి క్లినిక్‌లో ఉండే ఇనప బీరువాలో పెట్టించినాను కదా అని గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. బీరువాకు కూడా బొట్టుపెట్టి తాళమేసినారంట. గోరుచుట్టు మీద రోకటిపోటు. కంపెనీకి కంప్లైంటు రాస్తే, మూడు పని దినాల్లో జవాబిస్తామని వాళ్ళ కంప్యూటరు జవాబిచ్చింది.

డాక్టరుకు ఫోన్ చేసినాను. ఆయన నగరి రూములో పూజ చేసుకుంటా ఉండాడు. విషయం చెప్తే ఆయన గొంతు కూడా మారింది. "మేడమ్, మీరు చెప్పేది నాకర్థమైంది. శానా సీరియస్సు. మీరొక పని చేయండి, అమ్మను అడగండి" అన్నాడు.

"మీరు చెప్పండి సార్, మీ అమ్మ కదా."

"నేను చెప్తే వినదు మేడమ్. పోయినేడు ఇట్లే పూజలో పెట్టిన కారు తీసినానని నెల దినాలు నాతో మాట్లాడలా."

లోకంలో అందరి భయాలూ పోగొడతాడు ఈయన. వాళ్ళమ్మంటే మాత్రం గజగజ. చేసేదేముందని చీర మార్చుకోని బస్టాండుకు పోయినాను.

ఆ రోజు చిత్తూరు బస్సు ప్రయాణం నా శత్రువుకు కూడా వద్దు. బస్సుకు ముందర రెండు అరటి పిలకలు కట్టినారు, అద్దం మీద గంధం, డ్రైవరుకు రోడ్డు కనపడేది సగమే. బస్టాండులో గుమ్మడికాయ కొట్టేదానికి ఇరవై నిమిషాలు, డిపో కాడ మళ్ళీ ఒక గుమ్మడికాయ. చంద్రగిరిలో కండక్టరు దిగిపోయి బొరుగుల పొట్లాలు తెచ్చి అందరికీ పంచినాడు. ఎవురికీ తొందర లేదు. నాకేమో ఇంటర్నెట్లో తిరిగే ప్రోగ్రాములు కండ్లముందర కనిపిస్తా ఉండాయి. అవి మనుషులు కావు, వాటికి దసరా లేదు, తెరిచిన వాకిలి యాడుండాదా అని రాత్రీ పగలూ తడతా తిరుగుతా ఉంటాయి. వాటికి పాస్‌వర్డు తెలీదు, సరే. కానీ ఇప్పుడు ఫోటో తిరిగే గ్రూపుల్లో ఎవుడన్నా తెలివైనోడు ఉంటే? పేర్లు పేర్లుగా, ఊర్లు ఊర్లుగా, ఎవురికి ఏం జబ్బో అంతా చదువుకోవచ్చు. దాంట్లో ఒక ఫైలులో బిడ్డను ఎత్తుకోలేకపోయిన తల్లి సంగతి ఉండాది. పూతలపట్టు దాటేదాకా, "అమ్మా బొరుగులు తినవా?" అని పక్క సీటు ముసలాయన అడుగుతానే ఉండాడు. "నాకొద్దు నాయనా" అని కసిరినాను. పాపం ఆయనేం చేసినాడు.

నేను పోయేసరికి ఒంటిగంట దాటింది. క్లినిక్ మెట్ల మీద ఆయమ్మి కూర్చోనుండాది. కండ్లు వాచినాయి. పండగ కోసం కట్టుకున్న పట్టుచీర కొంగుతోనే ముక్కు తుడుచుకుంటా ఉండాది. నన్ను చూసి లేచి నిలబడింది. "అమ్మను పిలిపించినా మేడమ్, వస్తా ఉండాది" అనింది. "నువ్వు చేసిన పనికి నేను పండగపూట డెబ్బై కిలోమీటర్లు రావాల్సొచ్చింది" అన్నాను. అనకుండా ఉండొచ్చు. అన్నాను.

డాక్టరు వాళ్ళమ్మ, ఆ పెద్దమ్మ వచ్చింది. డెబ్బై దాటుంటాయి, బక్కగా ఉంటాది, గొంతు మాత్రం ఆ మెట్లు దిగి బజారు దాకా వినపడతాది. తాళం తీసింది, గదిలోకి రానిచ్చింది, కానీ పూజ ముందర చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. నేను పాఠం మొదలుపెట్టినాను. డేటాబేసు, పాస్‌వర్డు, కోడు, దొంగలు. ఆమె ఓపిగ్గా విన్నది.

"అంతా బాగానే ఉండాది కంప్యూటరమ్మా. ఏడాదంతా మన కోసం పనిచేసే సామాన్లకు ఒగ దినం రెస్టు ఇస్తాము. పూజలో పెట్టింది అమ్మవారిది, మనది కాదు. రేపు పొద్దున హారతిచ్చి నేనే నీ చేతికిస్తా."

"రేపటికి లేటైపోతాదమ్మా."

"రేపు పొద్దునకు ఏం కొంపలు మునుగుతాయి? మీ దొంగలు మాత్రం ఆయుధపూజ చేసుకోరా ఏంది?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలా. "పేషెంట్ల వివరాలన్నీ బయటపడతాయమ్మా, మీ కొడుకు పేరే పోతాది" అన్నాను. కొడుకు మాటెత్తినాక రొంత మెత్తబడింది. ఆలోచించి చెప్పింది. "సరే. మా అత్త చెప్పిన పద్ధతి ఒగటుండాది. మరీ తప్పనిసరైతే, ఎవురి తప్పు వల్ల తీయాల్సొచ్చిందో వాళ్ళు అమ్మవారి ముందర నిలబడి, నా వల్ల ఈ తప్పు జరిగింది, ఇందుకోసం తీస్తా ఉండానని నోరు తెరిచి చెప్పుకోని, కర్పూరం వెలిగించి తీయాల. మనసులో అనుకుంటే చాలదు, గట్టిగా చెప్పాల. చెప్పండి, ఎవురిది తప్పు?"

నేను నోరు తెరిచినాను. నాలుగు సున్నాలు నాలుక చివర దాకా వచ్చినాయి. ఇరవై ఏండ్లు పాఠాలు చెప్పిన మేడమ్‌ని. ఈ ముసలామె పోయి కొడుక్కి చెప్తాది, కొడుకు ఇంకో నలుగురు డాక్టర్లకు చెప్తాడు. వాకిలి తెరిచిపెట్టి పోయిందంట అని నవ్వుకుంటారు. ఇదంతా అనుకునేదానికి ఎంతసేపు పడతాది, ఒక రెప్పపాటు. ఆ రెప్పపాటులో నేను ఆయమ్మి తట్టు చూసినాను. మాటతో చెప్పలా, చూపుతోనే చూపించినాను. "ఫోటో పెట్టింది..." అని మాత్రం అన్నాను.

ఆయమ్మి ఎదురు మాట్లాడలా. చెప్పినాను కదా, ఆమె అలవాటే అది. ముందుకొచ్చి చేతులు జోడించింది.

"తల్లీ, తెలీక ఆ కాగితం ఫోటో తీసి అందరికీ పెట్టినాను. నా తప్పే" అనింది.

"ఎందుకు తీస్తా ఉండావో చెప్పు. రేపటిదాకా ఆగలేని పనేంది?" అనింది పెద్దమ్మ.

పేషెంట్ల కోసం అని చెప్తే సరిపోయేది. చెప్తాదనే నేను అనుకున్నాను. కానీ అమ్మవారి ముందర అబద్ధం కాదుగదా సగం నిజం కూడా చెప్పేదానికి ఆమెకు మనసు రాలేదనుకుంటా.

"నా ఫైలు దాంట్లో ఉండాదమ్మా. నేను కూడా ఈడ పేషెంటునే. చిన్నోడు పుట్టినప్పుడు రెండు నెలలు వాణ్ణి ఎత్తుకోలా. ఎత్తుకుంటే ఏమైనా చేసేస్తానని భయం. డాక్టరన్న మందులిచ్చి బాగుచేసినాడు. అది బయటికొస్తే నా బిడ్డలు నాకు దూరమైపోతారు. అందుకు తీస్తా ఉండాను."

ఇక్కడొక సంగతి చెప్పాల. పెద్దమ్మా, ఆయమ్మి అత్తా ప్రతి శుక్రవారం ఒకే భజనలో పక్కపక్కన కూర్చుంటారు. ఆ మాట పొద్దున ఫోన్లో ఆయమ్మే నాకు చెప్పింది. ఎవురికి తెలీకూడదని ఇంత రభసో, వాళ్ళ వాకిట్లోకే ఆ మాట పోయి నిలబడింది.

పెద్దమ్మ కర్పూరం బిళ్ళ తీసి ఆయమ్మి చేతిలో పెట్టింది. ఆయమ్మి వెలిగించింది. మంట ఆరినాక పెద్దమ్మ ఫోను తీసి ఆమె చేతికిచ్చి, "బొట్టు తుడవొద్దు, అట్లే ఆన్ చెయ్యి" అనింది. ఆమె తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, బయటి గదిలోకి పోయి కూర్చునింది. మీ అత్తకు చెప్పనని అనలా, చెప్తాననీ అనలా.

తర్వాత పనికి పది నిమిషాలు కూడా పట్టలా. కోడొచ్చింది. నేను సంచిలో తెచ్చుకున్న లాప్‌టాపులో కంట్రోల్ ప్యానెల్లోకి పోయినాను. పాస్‌వర్డు మార్చినాను. పట్టీలో నాలుగు సున్నాలు తీసేసి, రెండు క్లినిక్కుల నంబర్లు పెట్టినాను. నంబరు మారి మళ్ళీ ఫోన్లొస్తే రానీ అనుకున్నాను. ఇంత సులువైన పనికి మూడు నెలలు బద్ధకించినానని తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపించింది. ఆ పైన, పొద్దున్నుంచి ఎవురెవురు లోపలికొచ్చినారో చూపించే చిట్టా తెరిచినాను. ఆయమ్మి నా భుజం పక్కన నిలబడి చూస్తా ఉండాది.

"ఎవురన్నా చూసినారా మేడమ్?"

"లేదు. వాకిలి తట్టిన ప్రోగ్రాములు శానా ఉండాయి. పాస్‌వర్డు తప్పు కొట్టి వెనక్కి పోయినాయి. లోపలికి ఒక్కరు కూడా రాలా."

"ఫోటో చూసి కూడా ఎవురూ రాలేదా?"

"రాలా."

ఆమె పక్కనున్న కుర్చీలో కూర్చునింది. ఎవురూ రాలేదని సంతోషించాల కదా. సంతోషం కనపడలా. ఎవురూ రానిదానికి తాను నోరు తెరిచి చెప్పుకునింది, ఆ లెక్క ఆమె మొగంలో నాకు కనిపించింది. ఇంక నాకు దాచేదానికి చేతకాలా.

"ఒక మాట చెప్పాల" అన్నాను. "వాకిట్లో ఒక పట్టీ ఉంటాదని చెప్పినాను చూడు, మూడో తాళం. అది ఆషాఢంలో నేనే తీసేసినాను. రోజూ మీ ఫోన్లు పడలేక తీసేసినాను. అది ఉండుంటే నువ్వు ఆ ఫోటో యాడ పెట్టినా ఏమీ అయ్యేది కాదు. పాస్‌వర్డు తెలిసినోడు కూడా రాలేడు."

ఆమె విన్నది. కోప్పడలా. క్లాసులో అర్థం కానిది అడిగే పిల్ల మాదిరి ఒకటొకటే అడిగింది.

"పొద్దున ఫోన్లో నన్ను తిట్టేటప్పుడు ఇది మీకు తెలుసా మేడమ్?"

"నువ్వు ఏడ్చినప్పుడు గుర్తొచ్చింది."

"బస్సులో వచ్చేటప్పుడు?"

"తెలుసు."

"ఎవురిది తప్పని అమ్మ అడిగినప్పుడు?"

తల ఊపినాను. ఆమె లేచి, ఫోను ఆపేసి, ముందు యాడుండిందో ఆడనే పెట్టేసింది. ఆ లామినేషన్ కాగితం మాత్రం తీసి, నా చేతికిచ్చింది.

"ఆ కర్పూరం మీరు వెలిగించాల్సింది మేడమ్" అనింది.